గూడెం దాకా

మేడమ్ గారు పోయారని వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను ఆకివీడులో మా ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాను. మిషన్ల హోరులో మొదట సరిగ్గా వినపడలేదు. బయటికొచ్చి మళ్ళీ అడిగాను. "తెల్లవారుజామున వెళ్ళిపోయిందండీ. ఎవరికి చెప్పాలో తెలియక ముందు మీకు చేశాను" అన్నారావిడ. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఇక ఆవిడని చూసి ఎవరూ భయపడక్కర్లేదు కదా అనిపించింది. ఒక మనిషి పోయిందని తెలిసిన క్షణాన రావలసిన ఆలోచన అది కాదు. కానీ అదే వచ్చింది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆవిడకి నచ్చదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు చుట్టుపక్కల రైస్ మిల్లులు, చేపల మేత ఫ్యాక్టరీలు, ఎగుమతి కంపెనీలు నడిపేవాళ్ళలో చాలామందికి ఆవిడ ఉత్త మేడమ్ గారే. చేసే పని పేరు లైఫ్ కోచింగ్. మొదట్లో ఏలూరు పక్కన వట్లూరులో తన ఇంటి గేటుకి లైఫ్ కోచ్ అని చిన్న బోర్డు పెట్టుకున్నారట. వారం తిరక్కుండానే ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు వచ్చి, ఎంసెట్‌కి చెప్తారా, హాస్టల్ ఉందా అని అడగడం మొదలుపెట్టారట. ఆవిడ విసుక్కోలేదు. వాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఏ కాలేజీలో ఎవరు లెక్కలు బాగా చెప్తారో చెప్పి పంపేవారు. కొన్నాళ్ళకి బోర్డు తీసేశారు. తీసేశాకే అసలు మనుషులు రావడం మొదలైందని చెప్పి నవ్వేవారు.

సన్నగా, పొట్టిగా ఉండేవారు. గంజి పెట్టిన నేత చీర, చెవుల దాకా కత్తిరించిన తెల్లజుట్టు, ఎప్పుడూ ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. ఒక బ్యాంకు ట్రైనింగ్ కాలేజీలో చాలాకాలం పాఠాలు చెప్పారనీ, పెళ్ళి చేసుకోలేదనీ, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన చెల్లెలితో ఉంటున్నారనీ మాకు తెలుసు. అంతకుమించి ఏమీ తెలియదు. మా ఇళ్ళల్లో ఏం జరుగుతోందో, మా లోపల ఏం కుళ్ళుతోందో అంతా ఆవిడకి తెలుసు. ఆవిడ సంగతి మాత్రం మాలో ఒక్కరికీ తెలియదు. మేం ఎప్పుడూ అడగలేదు కూడా.

ఆవిడకి ఆఫీసు గది లేదు. మా కార్లే ఆవిడ ఆఫీసు. తీరిక లేని మనుషులు గదిలో కూర్చుంటే గడియారం వైపు చూస్తారు కాబట్టి ఆ పద్ధతి పెట్టుకున్నానని చెప్పేవారు. ఏలూరులో కారెక్కితే గూడెం దాకా. తాడేపల్లిగూడేన్ని మేమంతా గూడెం అనే అంటాం. డ్రైవర్ ఉండకూడదు. మా డ్రైవర్ని వట్లూరులో ఆవిడ ఇంటి వరండాలో పేపరిచ్చి కూర్చోబెట్టి, "ఇవాళ మీరే నడపండి" అనేవారు. ఎన్నాళ్ళుగానో స్టీరింగ్ ముట్టుకోని వాళ్ళు కూడా బిక్కుబిక్కుమంటూ నడిపేవారు. తన ఫోను, మా ఫోను ముందున్న అరలో పెట్టి మూసేసేవారు. సీటు బెల్టు పెట్టుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఉంచి రోడ్డు వైపే చూస్తూ కూర్చునేవారు. నా వైపు ఎందుకు చూడరని ఒకసారి అడిగాను. "చూస్తే మీరు మొహం సర్దుకుంటారండీ" అన్నారు.

సలహాలు ఇచ్చేవారు కాదు. ఊఁ అనేవారు. "తర్వాత?" అనేవారు. తీరిక లేదని ఎవరైనా అంటే మాత్రం ఊరుకునేవారు కాదు. తీరిక లేదనకండి, తీరికంటే భయమనండి అనేవారు. ఆ మాట విని కోపమొచ్చి మళ్ళీ రానివాళ్ళున్నారు. కొన్ని నెలల తర్వాత వచ్చినవాళ్ళూ ఉన్నారు.

గూడెం స్టేషన్ దగ్గర దిగిపోయేవారు. వెనక్కి కారులోనే తీసుకెళ్తామంటే ఒప్పుకునేవారు కాదు. ప్యాసింజర్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఏలూరు వచ్చేవారు. విన్నదంతా సర్దుకోడానికి ఆ రైలు ప్రయాణం కావాలనేవారు. ఒక్క ముక్క రాసుకునేవారు కాదు. కాగితమన్నాక ఎప్పుడో ఎవరో ఒకరు చదువుతారు, నా తలకాయలోకి ఎవరొస్తారండీ అనేవారు.

మిషనరీల కాలం నాటి క్రైస్తవ కుటుంబం వాళ్ళది. ఆదివారం చర్చి తప్పేవారు కాదు. గూడెం రైస్ మిల్లు యజమాని ఒకాయన, కొడుకు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కారులోనే ప్రార్థన చెయ్యమని బతిమాలాడట. చేస్తానండీ, కానీ ఇంటికెళ్ళాక, అది వేరే డిపార్ట్‌మెంట్ అన్నారట. ఆ సంగతి ఆయనే నాకు చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ మిల్లు యజమాని గురించి మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

మా నాన్న చేపల చెరువులతో మొదలుపెట్టి మేత ఫ్యాక్టరీ దాకా వచ్చాడు. ఆయన పోయాక కంపెనీ పెత్తనం అన్నయ్యకీ, ఫ్యాక్టరీ నడిపే పని నాకూ వచ్చాయి. ఒకరోజు ఆఫీసులో గుండెల్లో పట్టేసినట్టయి కుర్చీలోంచి జారిపోయాను. పరీక్షలన్నీ చేసి గుండె బాగానే ఉందన్నారు డాక్టర్లు. అన్నయ్య అప్పటికే మేడమ్ గారి దగ్గరికి వెళ్తున్నాడని నాకప్పుడే తెలిసింది. నాకు బాగానే పనిచేస్తోంది, నువ్వూ వెళ్ళరా అన్నాడు. అన్నదమ్ములిద్దర్నీ ఒక్కరే చూడడం ఎలా కుదురుతుందని నేనావిడని అడిగాను. ఆయన మాటలు ఆయనవి, మీ మాటలు మీవి, మధ్య గోడలా నేనుంటాను అన్నారు.

మొదటి రోజు గూడెం దాకా మేత ధరలూ, కరెంటు కోతలూ, కూలీల గొడవలూ చెప్పుకుంటూ పోయాను. ఆవిడ ఊఁ కొడుతూనే ఉన్నారు. స్టేషన్ దగ్గర బెల్టు విప్పుకుంటూ, "ఇవాళ మీ కంపెనీ మాట్లాడిందండీ. వచ్చేవారం మీరు రండి" అన్నారు.

నేను రావడానికి చాలా వారాలు పట్టింది. ఒకరోజు ఉంగుటూరు దాటాక నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. రోజూ పొద్దున్న ఫ్యాక్టరీ గేటు బయట కారాపుకుని కూర్చుంటానని, లోపలికి వెళ్ళబుద్ధి కాదని, వాచ్‌మన్ గేటు తీసి పట్టుకుని నిలబడి ఉంటే సిగ్గుతో ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తానని చెప్పాను. మా ఆవిడకి కూడా ఆ సంగతి తెలియదు. మేడమ్ గారు, కూర్చోండి, కానీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకోకుండా కూర్చోండి అన్నారు. నవ్వొచ్చింది. మర్నాడు అలాగే కూర్చున్నాను. వాచ్‌మన్ ఏమీ అనుకోలేదు. కాసేపటికి గేటు దగ్గరికి వేసి తన స్టూలు మీద కూర్చున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో నాకు ఊపిరి సరిగ్గా ఆడింది.

అలా దాదాపు మూడేళ్ళు గడిచాయి. ఆ తర్వాత చిన్న చిన్న తేడాలు కనబడ్డాయి. గూడెం స్టేషన్ వచ్చినా దిగకుండా కూర్చుని, ఇదేం ఊరండీ అని అడిగారొకసారి. నిద్రలో ఉన్నారేమో అనుకున్నాను. చెప్పిందే చెప్పేవారు. కళ్ళద్దాలు పెట్టుకునే కళ్ళద్దాల కోసం బ్యాగులో వెతికేవారు. పెద్దతనం అనుకున్నాను. నా బాధలు చెప్పుకునే చోట ఆవిడకో బాధ ఉంటుందన్న ఊహే నాకు రాలేదు.

ఒక సాయంత్రం, వానాకాలం మొదలవుతున్న రోజులు, పుల్ల ఊరు దాటాం. ఆవిడ ఎప్పట్లా రోడ్డు వైపు చూస్తూ మాట్లాడడం మొదలుపెట్టారు. మామూలుగా ముందు ఆవిడ మాట్లాడరు.

"మీ తమ్ముడి సంగతి ఇంకా అలాగే నెట్టుకొస్తున్నారా?"

నాకు తమ్ముడు లేడు. ఆ మాట చెప్పబోయాను.

"చేతకాని మనిషని తెలుసు, నాన్నగారికిచ్చిన మాట కోసం మోస్తున్నానన్నారు కదండీ. ఆ మాట ఆయనతో అనేస్తే మీకూ తెరిపి, ఆయనకీ తెరిపి."

కారు నడుస్తూనే ఉంది. నా చేతులే నడుపుతున్నాయి. అన్నయ్య గొంతు నాకు స్పష్టంగా వినపడింది, చేతకాని మనిషి అనేటప్పుడు వాడి పెదవి ఎలా వంగుతుందో కూడా కనపడింది. నేను ఊఁ అనలేదు. అందుకేనేమో ఆవిడ మొదటిసారి తల తిప్పి నా మొహంలోకి చూశారు. చూస్తూ ఉండిపోయారు.

"మీరు చిన్నవారు కదూ" అన్నారు.

అవునన్నాను. కారు పక్కకి ఆపమన్నారు. ధాన్యం లారీలు పక్కనుంచి వెళ్తుంటే కారు ఊగుతోంది. నేనేమన్నానో నాకు చెప్పండి, ఒక్క మాట తగ్గించకుండా చెప్పండి అన్నారు. చెప్పాను. మా బాధలు వినేటప్పుడు ఎలా వినేవారో అలాగే, బ్యాగు మీద చేతులుంచుకుని, రోడ్డు వైపు చూస్తూ విన్నారు. నేను ముగించాక కూడా ఇంకా ఏదో ఉందన్నట్టు ఎదురుచూశారు. తర్వాత మెల్లగా, "ఇది మొదటిసారి కాదేమోనండీ. మిగతావాళ్ళు నాకు చెప్పి ఉండరు" అన్నారు.

ఆ రోజు స్టేషన్‌కి తీసుకెళ్ళమని అడగలేదు. నేను వెనక్కి తిప్పి ఇంటికి తీసుకొచ్చాను. వాళ్ళ చెల్లెలు తలుపు తీసి, అక్క మొహం చూసి, నా మొహం చూసి ఏమీ అడగలేదు. ఆవిడకి అప్పటికే తెలుసు. గ్యాస్ ఆపడం మర్చిపోవడం, తనని అమ్మా అని పిలవడం చాలాకాలంగా జరుగుతున్నాయట.

తర్వాతి రెండు మూడు రోజుల్లో మేడమ్ గారు అందరికీ ఫోన్ చేశారు. చెల్లెలు నంబరు కలిపి ఇస్తే ఒక్కొక్కరికీ తనే మాట్లాడారు. నాకూ చేశారు, నేను ఆ కారులో ఉన్నానని గుర్తుందో లేదో తెలియదు. "మీ మాటలు ఇక నా దగ్గర భద్రంగా ఉండవండీ. నన్ను కలవకండి. నేనేదో అన్నానని ఎవరైనా మీతో అంటే, ఆవిడకి మతి పోయిందని చెప్పండి. నేనేమీ అనుకోను."

చెప్పారు. ఎవరూ అడగకముందే అందరూ చెప్పడం మొదలుపెట్టారు. క్లబ్బులో, పెళ్ళిళ్ళలో, రొయ్యల రైతుల మీటింగుల్లో, పాపం మేడమ్ గారికి పూర్తిగా మతి తప్పిందట, ఏవేవో కల్పించి మాట్లాడుతున్నారట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆవిడని పరామర్శించడానికి వట్లూరు వెళ్ళినవాళ్ళు కూడా కొందరున్నారు. వెళ్ళి హాల్లో కూర్చుని, ఇంకా ఎవరెవరు వస్తున్నారండీ అని చెల్లెల్ని అడిగేవారు.

అన్నయ్య కూడా నన్ను అడిగాడు. గోడ మీద క్యాలెండర్ చూస్తూ, ఆవిడ నీతో ఏమైనా అందా అన్నాడు. లేదన్నాను. వాడి భుజాలు కిందికి దిగాయి. నెల తిరిగాక నేనే వెళ్ళి, ఆకివీడు ఐసు ఫ్యాక్టరీ ఒక్కటి నాకొదిలెయ్, మేత ఫ్యాక్టరీ నువ్వే చూసుకో అన్నాను. ఎందుకని అడుగుతాడేమోనని ఎదురుచూశాను. అడగలేదు. నేను మాట పూర్తి చెయ్యకముందే సరేనన్నాడు. ఆవిడ చెప్పినట్టే వాడికి తెరిపి వచ్చింది. వాడి మొహంలో కనపడింది. నాకు పొద్దున్నే గేటు బయట కూర్చోవలసిన అవసరం తప్పింది. దాన్ని తెరిపి అనాలో ఇంకేమనాలో నాకిప్పటికీ తెలియదు.

ఆ చలికాలంలో గూడెం మిల్లు యజమాని మా నలుగురైదుగుర్ని ఏలూరులో ఒక హోటల్‌కి పిలిచాడు. అన్నయ్యా వచ్చాడు. మేడమ్ గారిని విశాఖపట్నంలో ఒక మంచి చోట చేరుద్దాం, ఖర్చంతా మనమే పెట్టుకుందాం, గదిలోంచి సముద్రం కనపడుతుంది, మనకింత చేసిన మనిషికి ఆ మాత్రం చెయ్యొద్దా అన్నాడాయన. అందరూ తలలూపారు. ఇక్కడే వైద్యం చేయిస్తే ఏం పోయిందని నేనన్నాను. ఇక్కడైతే చూడడానికి జనం వస్తారు కదా అన్నాడు అన్నయ్య, ప్లేటులో స్పూను తిప్పుకుంటూ. వాడన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అంత మెత్తగా అన్నాడు.

ఆ మాట చెప్పడానికి వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. మిల్లు యజమాని చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, కళ్ళల్లో నీళ్ళతో చెప్పాడు. ఆయన కన్నీళ్ళు దొంగవి కావు. చెల్లెలు గారు అంతా విని, "మా అక్క మీ సరుకా అండీ, ఒక గోడౌన్ నుంచి ఇంకో గోడౌన్‌కి మార్చడానికి?" అన్నారు. గొంతు కూడా పెంచలేదు. మేం లేచి వచ్చేశాం.

కానీ భయం చెల్లెలు గారికీ ఉంది. ఆ తర్వాత పనిమనిషిని మాన్పించారు. చర్చి ఆడవాళ్ళు ప్రార్థనకి వస్తామంటే వద్దన్నారు. ముందు గదిలో టీవీ పొద్దస్తమానం పెద్ద సౌండుతో మోగుతూ ఉండేది, లోపల గదిలో అక్క మాట్లాడేది పక్కింటికి వినపడకుండా. ఊళ్ళో వాళ్ళ మాటలన్నీ విన్న మనిషి, తన మాట ఎవరూ వినకూడని మనిషి అయిపోయింది. తలుపు నాకొక్కడికే తీసేవారు. మీకు చెప్పకూడనిది అక్క ఎప్పుడో చెప్పేసింది, ఇంకేం నష్టం ఉంటుందండీ అన్నారావిడ.

ఆదివారం మధ్యాహ్నాలు మేడమ్ గారిని కారులో కూర్చోబెట్టుకుని కొల్లేటి మీది రోడ్డులో తీసుకెళ్ళేవాణ్ణి. గూడెం వైపు వెళ్ళాలంటే నాకు ధైర్యం చాల్లేదు. పెదయడ్లగాడి వంతెన దాకా వెళ్ళి ఒక పక్కన ఆపేవాణ్ణి. గుర్రపుడెక్క పట్టిన నీళ్ళు, గట్లు, గట్లకి అవతల మళ్ళీ చెరువులు, మధ్యలో ఎక్కడో కదలకుండా నిలబడ్డ కొంగలు. ఆవిడ మాట్లాడుతూనే ఉండేవారు. ఎవరి పేరూ ఉండేది కాదు. అన్నీ నేను, నేను అనే చెప్పేవారు. మా అబ్బాయి నేనొస్తే లేచి వేరే గదిలోకి వెళ్ళిపోతాడండీ అనేవారు. నాన్న పోయారని ఫోనొస్తే నాకు ఏడుపు రాలేదు, మీటింగు ఎలా ఆపాలా అని ఆలోచించాను అనేవారు. ఆ అమ్మాయికి ఉత్తరం రాసి ఇవ్వలేదండీ, ఇస్తే వచ్చేదేమో అనేవారు. ఎవరెవరి దుఃఖమో ఆవిడ గొంతులో ఆవిడదైపోయింది. మొదట్లో ఇది ఫలానా ఆయనది, ఇది ఫలానా ఆయనది అని నా బుర్ర ఊరుకునేది కాదు. కొన్నాళ్ళకి ఆ పని మానేసింది. వినడం ఒకటే మిగిలింది.

ఒకసారి ఆవిడ రైల్వే ప్లాట్‌ఫారం గురించి చెప్పారు. ఎవరో వస్తారని రోజంతా కూర్చున్నాననీ, చీకటి పడ్డాక ఇంటికి వెళ్తే అమ్మ ఏమీ అడగకుండా అన్నం పెట్టిందనీ చెప్పారు. మా మిల్లుల వాళ్ళెవరూ అలా మాట్లాడరు. ఆ రోజు ఇంటికొచ్చాక చెల్లెలు గారిని అడిగాను, ఇది మీ అక్కగారిదేనా అని. ఆవిడ చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"పెళ్ళెందుకు చేసుకోలేదే అని ఎన్నిసార్లు అడిగానో అండీ. తర్వాత చెప్తాలే అనేది. ఇప్పుడు చెప్తోందేమో. కానీ ఇంతమంది మాటల్లో మా అక్కది ఏదో నేనెలా పోల్చుకోనండీ?"

ఇంకో ఆదివారం, వాన పడి వెలిసింది, అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి. "రోజూ పొద్దున్న గేటు బయట కారులో కూర్చుంటానండీ. లోపలికి వెళ్ళలేను. వాచ్‌మన్‌ని చూస్తే సిగ్గేస్తుంది" అన్నారు మేడమ్ గారు. ఆ సిగ్గు నేను చెప్పినప్పటి కంటే ఆవిడ గొంతులో ఎక్కువగా ఉంది. నేను రోడ్డు వైపు చూస్తూ ఊఁ అన్నాను. "తర్వాత?" అన్నాను. ఆవిడ ఇంక చెప్పలేదు. తలుపుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు.

ఈ వేసవి మొదట్లో జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రిలో ఉంచితే నర్సులు వింటారని చెల్లెలు గారు ఇంటికే తెచ్చేసుకుని, తనకొచ్చిన వైద్యం తనే చేశారు. ఆఖరి వారం నేను వెళ్ళినప్పుడు కూడా మేడమ్ గారు మాట్లాడుతూనే ఉన్నారు. మాటలు తెలియడం లేదు. పెదవుల దగ్గర చెవి పెట్టి చెల్లెలు వింటున్నారు, రాత్రీ పగలూ అలాగే కూర్చుంటున్నారట, అక్కది ఒక్కటైనా పోల్చుకుందామని.

సమాధి చేసే రోజు ఎవరూ రారేమో అనుకున్నాను. శ్మశానం గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా కార్లు నిలబడ్డాయి. అందరూ వచ్చారు. గూడెం నుంచి, జంగారెడ్డిగూడెం నుంచి, అత్తిలి నుంచి కూడా వచ్చారు. పెట్టె కంటే పెద్ద పూలచక్రాలు తెచ్చారు. పాస్టర్ గారు ప్రార్థన చేస్తుంటే తెల్లచొక్కాల్లో తలలు వంచుకుని నిలబడ్డారు. అయిపోయాక ఒక్కొక్కరే చెల్లెలు గారి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించి, ఆఖర్న ఏమైనా మాట్లాడేవారా అండీ అని అడిగారు. అందరిదీ అదే ప్రశ్న. ఆవిడ ఒక్కొక్కరికీ ఓపిగ్గా, లేదండీ, నెల నుంచి మాట పడిపోయింది అని చెప్పారు. ఒక్కొక్కరి మొహమూ వదులవడం నేను చూశాను. మిల్లు యజమాని మాత్రం అక్కడే మట్టి దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన్ని లేవదీయడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

అన్నయ్య తన కారు పంపించేసి నాతో వచ్చాడు. ఊరు దాటాక చొక్కా జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇకమీదట ఎవరితో చెప్పుకోవాలిరా" అన్నాడు.

"నాతో చెప్పు అన్నయ్యా" అన్నాను.

నా వైపు చూశాడు. వాడి పెదవులు కదిలాయి. ఏదో ఒకటి గొంతు దాకా వచ్చింది, నాకు తెలుస్తోంది. వాడి కోసం కారు నెమ్మదిగా పోనిచ్చాను. వాడు తల తిప్పుకుని చెరువుల వైపు చూశాడు. కాసేపయ్యాక, ఆకివీడులో పొద్దున శీలావతి చేప ధర ఎంత పలికింది అని అడిగాడు. చెప్పాను. ఇల్లు చేరేదాకా చేపల గురించే మాట్లాడుకున్నాం.